మట్టి లేని పచ్చిమేత – తడి తూకము, పొడి లెక్క

సభ్యులకు ఒక పాఠము

పొలము లేకుండా, మట్టి లేకుండా వారం రోజులలో పచ్చిమేత చేతికి వస్తుందన్న మాట పాల సంఘాలలో తరచు వినబడుతున్నది. యంత్రాలు అమ్మేవారు వచ్చి ఫోటోలు చూపిస్తున్నారు. "ఒక కిలో మక్కలు పోయండి, అయిదారు కిలోల మేత తీయండి" అంటున్నారు. ఈ మాట అబద్ధము కాదు. కాని పూర్తి మాట కూడా కాదు. సంఘము నిధిలో నుండి గాని, సభ్యుని చేతిలో నుండి గాని డబ్బు కదలకముందే ఈ పద్ధతి ఏమిటో, ఎవరికి పనికివచ్చునో, ఎవరికి పనికిరాదో తెలిసికొనవలెను. ఈ పాఠము అందుకొరకే.

ఈ ప్రశ్న కూకట్‌పల్లి వైపు ఎందుకు పుట్టినది?

కూకట్‌పల్లి ఒకప్పుడు హైదరాబాదు పొలిమేర అవతలి గ్రామము. హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చినది. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2007లో కూకట్‌పల్లి మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాదు పాలక సంస్థలో కలిసిపోయినది. 2017 నవంబరులో మియాపూర్ నుండి కూకట్‌పల్లి మీదుగా మెట్రో రైలు నడిచినది. ఈ మార్పులతో పాలు కొనేవారు పెరిగారు. గడ్డి పెరిగే నేల మాత్రము గజాల లెక్కన అమ్ముడుపోయినది. నాలుగు బర్రెలు ఉన్నవారికి కొట్టము మిగిలినది గాని, కొట్టము వెనుక చెలక మిగలలేదు.

నగరములోని పశుపోషకులు చాలాకాలముగా మూసీ వెంబడి మురుగునీటితో పెరిగే పారాగడ్డి మీద ఆధారపడి ఉన్నారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000 తరువాతి సంవత్సరాలలో ఈ మూసీ గడ్డిని గురించి, దాని మీద బ్రతికే కుటుంబాలను గురించి అధ్యయనము చేసి వ్రాశారు. ఆ గడ్డి అయినా రోజూ కొనుక్కొని, బండి కిరాయి ఇచ్చి తెచ్చుకొనవలసినదే. కనుక నాలుగు గజాల గదిలో మేత పెరుగుతుందంటే నగరము అంచున ఉన్న సభ్యులు చెవి ఒగ్గి వినడములో వింత లేదు.

మట్టి లేకుండా మొక్క ఎట్లా పెరుగుతుంది?

మట్టి మొక్కకు మూడు పనులు చేస్తుంది. వేరుకు పట్టు ఇస్తుంది, నీరు నిలుపుతుంది, లవణాలు అందిస్తుంది. ఈ మూడు పనులను మరొక విధముగా జరిపించగలిగితే మట్టి లేకపోయినా మొక్క పెరుగుతుంది. 1860 ప్రాంతములోనే జర్మనీ శాస్త్రజ్ఞులు సాక్స్, నాప్ అనేవారు లవణాలు కలిపిన నీటిలో మొక్కలను పెంచి చూపారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరికే ప్రయోగశాలలోని ఈ పనిని పంటగా మార్చవచ్చునని ప్రచారము చేశాడు. 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అన్న పేరును వాడుకలోనికి తెచ్చాడు. నీటితో చేసే సేద్యమని దాని భావము. మన దేశములో 1946లో షాల్టో డగ్లస్ అనే ఆంగ్లేయుడు బెంగాలులోని కాలింపాంగ్‌లో ఈ ప్రయోగాలు మొదలుపెట్టి, 1951లో బెంగాల్ పద్ధతి అన్న పేరుతో పుస్తకము ప్రకటించాడు.

ఇందులో రెండు రకాలు ఉన్నవి. రెండింటినీ కలిపివేయరాదు.

మొదటిది కూరగాయలది. టమాటా, ఆకుకూరలు, దోస వంటివి పాలీహౌసులలో వారాల తరబడి, నెలల తరబడి పెరుగుతవి. వాటికి నత్రజని, భాస్వరము, పొటాషు మొదలుకొని ఇనుము, జింకు వరకు అన్ని పోషకాలనూ కొలిచి నీటిలో కలిపి ఇవ్వవలెను. వేర్లకు కొబ్బరి పొట్టు వంటిది ఆధారముగా ఉంచుతారు.

రెండవది మన పశువుల మేతది. ఇది ఏడెనిమిది రోజుల పని. ఇంత తక్కువ కాలములో మొలక తనకు కావలసిన ఆహారాన్ని గింజలో నుండే తీసుకొంటుంది. బయటనుండి వట్టి నీరు పోసినా సరిపోతుంది. ఎరువు నీరు తప్పనిసరి కాదు. పాఠములో ముఖ్యమైన సంగతి ఇదే. ట్రేలో మనకు పచ్చగా కనిపించేది కొత్తగా పుట్టిన మేత కాదు. మనము పోసిన గింజే రూపు మార్చుకొని పైకి వచ్చినది.

గోవా పాల సంఘాల అనుభవము

ఈ పద్ధతిని పాల సహకార సంఘాల ద్వారా పరీక్షించిన రాష్ట్రము గోవా. అక్కడ నేల తక్కువ, కూలి ఎక్కువ, మేత కొరత ఎప్పుడూ ఉన్నదే. 2007లో మొదలైన రాష్ట్రీయ కృషి వికాస్ యోజన నిధులతో అక్కడ పదకొండు కేంద్రాలు నెలకొల్పారు. ఒకటి పాత గోవాలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రములోను, మిగిలిన పది పాల సంఘాలలోను పెట్టారు. ఒక్కొక్కటి రోజుకు 600 కిలోల మేత తీయగలది. ఆ కేంద్రము శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితాలలో మనకు కావలసినవి ఇవి.

కిలో మక్కల నుండి ఏడెనిమిది రోజులలో మూడున్నర మొదలుకొని ఆరు కిలోల వరకు మేత వచ్చినది. వేర్లు అల్లుకొని చాపలాగ తయారైన ఆ మేత జానెడు ఎత్తు ఉంటుంది. పశువు వేరు, గింజ, ఆకు అన్నీ తింటుంది, గాటిలో మిగల్చదు. కిలో మేతకు నీటిని తిప్పి వాడితే ఒకటిన్నర లీటర్లు, వదలివేస్తే మూడు లీటర్లు పట్టినది. పాడి ఆవుకు రోజుకు 5 నుండి 10 కిలోల వరకు ఇవ్వవచ్చునన్నారు. మేతకు అయ్యే ఖర్చులో గింజ ఖర్చే నూటికి 90 వంతులన్నారు. 1988లో మన దేశములో వెలువడిన ఒక పరిశోధనను, గోవా ఫలితాలను కలిపి చూస్తే పాలు నూటికి 8 నుండి 13 వంతుల వరకు పెరిగినవి.

ఈ అంకెలు పరిశోధన కేంద్రము పర్యవేక్షణలో వచ్చినవి. మీ కొట్టములో అవే వస్తాయని ముందుగా అనుకొనరాదు. రావని కూడా అనుకొనరాదు. కొలిచి చూడవలెను.

తయారు చేసే విధానము

యంత్రము లేకుండానే మొదలుపెట్టవచ్చును. మహారాష్ట్రలోని సతారా వైపు రైతులు వెదురు, కర్ర, షేడ్ నెట్‌తో చవకగా కొట్టాలు కట్టుకొని, మందు కొట్టే చేతి పంపుతో నీరు చల్లి ఈ మేత తీశారు.

1. ముందుగా నూరు గింజలు లెక్కపెట్టి తడిబట్టలో కట్టి మొలక చూడండి. ఎనభై అయిదుకు తక్కువ మొలిస్తే ఆ గింజ కొనవద్దు. మొలవని గింజ కుళ్ళుతుంది, కుళ్ళిన చోట బూజు పుడుతుంది.

2. విత్తన శుద్ధి మందు పట్టించిన గింజలు ఎన్నడూ వాడరాదు. విత్తనాల సంచిలో ఎర్రగానో, గులాబి రంగుగానో కనిపించే గింజలు పొలములో నాటుటకే. అవి పశువుకు విషము, ఆ మందు పాలలోకి కూడా రావచ్చును.

3. విరిగిన గింజలు, పొల్లు ఏరివేసి, మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి, పన్నెండు గంటలు నానబెట్టవలెను.

4. నీరు వార్చి తడి గోనె సంచిలో ఒక రోజు ఉంచితే తెల్లని మొలక కనిపిస్తుంది.

5. అడుగున రంధ్రాలున్న ట్రేలలో పలుచగా పరచవలెను. చదరపు మీటరుకు ఆరున్నర నుండి ఏడున్నర కిలోల గింజ సరిపోతుంది. మందముగా పోస్తే లోపల వేడి పుట్టి ముక్కిపోతుంది.

6. నీడలో ఉంచి రోజుకు ఆరేడు సార్లు పలుచగా నీరు చల్లవలెను. నీరు ట్రేలో నిలువరాదు, గాలి ఆడవలెను.

7. ఏడవ రోజుకు మేత సిద్ధము. అంతకు మించి ఉంచితే లాభము లేదు. గింజలోని సత్తువ తరిగి బూజు పెరుగుతుంది.

8. ఖాళీ అయిన ప్రతి ట్రేను బ్లీచింగ్ పొడి కలిపిన నీటితో తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టిన తరువాతనే మళ్ళీ వాడవలెను.

స్థలము ఎంత కావలెను? నాలుగు గేదెలకు రోజుకు ఎనిమిదేసి కిలోలు, అనగా 32 కిలోలు అనుకొందాము. కిలోకు అయిదు కిలోల చొప్పున వస్తే రోజుకు 6.4 కిలోల మక్కలు కావలెను. వాటికి సుమారు 0.9 చదరపు మీటరు ట్రే. ఏడు రోజులకు ఏడు వరుసలు, అంటే 6.4 చదరపు మీటర్ల ట్రేలు. నాలుగు అంతస్తుల స్టాండు మీద పెడితే నేల మీద రెండు చదరపు మీటర్లు కూడా పట్టదు. మనిషి తిరిగే చోటు వేరు. నీరు రోజుకు సుమారు 100 లీటర్లు. నేల లేనివారికి ఈ పద్ధతిలోని అసలు ఆకర్షణ ఇక్కడ ఉన్నది.

తడి తూకము, పొడి లెక్క

ఇప్పుడు తూకము సంగతి చూద్దాము. కిలో మక్కలు అయిదు కిలోల మేత అయినవి. ఎక్కడి నుండి వచ్చినవి ఆ నాలుగు కిలోలు? నీటి నుండి. పాలలో నీరు కలిస్తే కొలత పెరుగుతుంది గాని వెన్న పెరగదని మన సభ్యులకు ఎవరూ చెప్పనక్కరలేదు. మేతను కూడా ఆ కంటితోనే చూడవలెను.

నీరు తీసివేయగా మిగిలేదానిని పొడి పదార్థము అంటారు. నిలువచేసిన కిలో మక్కలలో సుమారు 880 గ్రాముల పొడి పదార్థము ఉంటుంది. మొలక మేతలో అది నూటికి 11 నుండి 14 వంతులు మాత్రమే. 13 వంతులని పట్టుకొంటే అయిదు కిలోల మేతలో 650 గ్రాములు. మనము పోసినది 880 గ్రాములు, తీసినది 650 గ్రాములు. మిగిలిన 230 గ్రాములు ఏమైనవి? మొలక ఊపిరి తీసుకొంటూ గింజలోని పిండి పదార్థాన్ని ఖర్చు చేసుకొన్నది. వారము రోజులలో, అంతంత మాత్రపు వెలుతురులో, అది తిరిగి అంత సంపాదించలేదు.

మేతలో మాంసకృత్తులు గింజలో కంటె ఎక్కువ శాతము ఉంటవని అమ్మేవారు చెబుతారు. మక్కలలో నూటికి 8 లేక 9, మొలక మేతలో 13 లేక 14 అన్న మాట నిజమే. పిండి పదార్థము తరిగినందువలన మిగిలినదానిలో మాంసకృత్తుల పాలు ఎక్కువగా కనిపిస్తుంది. బస్తాలో బియ్యము తగ్గితే అందులోని పప్పు పాలు పెరిగినట్లు కనిపించడము వంటిది ఇది.

మరి లాభమేమిటి? లాభము ఉన్నది. మొలకెత్తిన గింజ సులభముగా అరుగుతుంది. విటమినులు పెరుగుతవి. వట్టి వరిగడ్డి మీద బ్రతికే పశువుకు నోటికి పచ్చదనము తగిలితే మేత మీద ఇష్టము పెరిగి, ఆ వరిగడ్డినే మరికొంత తింటుంది. కాని ఇది కడుపు నింపే మేత కాదు. 450 కిలోల పాడి గేదెకు రోజుకు 11 నుండి 13 కిలోల పొడి పదార్థము కావలెను. ఎనిమిది కిలోల మొలక మేత ఇచ్చేది ఒక కిలో మాత్రమే. కనుక వరిగడ్డి, చొప్ప మానరాదు. ఇది దాణాలో కొంత భాగానికి బదులు మాత్రమే.

రూపాయి లెక్క

కింది ధరలు ఉదాహరణకు వేసినవి. సభ్యులు తమ ఊరి ధరలు వేసి చూచుకొనవలెను.

మక్కలు కిలో 25 రూపాయలు అనుకొందాము. ఎనిమిది కిలోల మేతకు 1.6 కిలోల మక్కలు, 40 రూపాయలు. గింజ ఖర్చు నూటికి 90 వంతులైతే మొత్తము సుమారు 44 రూపాయలు. ఈ మేత ఇచ్చి ఒక కిలో దాణా తగ్గించామనుకొందాము. దాణా కిలో 28 రూపాయలైతే అంత మిగిలినది. పైబడిన ఖర్చు 16 రూపాయలు.

పాలు లీటరు 50 రూపాయలైతే, ఈ 16 రూపాయలు రావడానికి మూడవ వంతు లీటరు పాలు పెరగవలెను. ఎనిమిది లీటర్ల గేదెకు నూటికి 8 వంతులు పెరిగితే 640 మిల్లీలీటర్లు, 32 రూపాయలు. ఖర్చు పోను 16 మిగులుతుంది. 13 వంతులు పెరిగితే 36 మిగులుతుంది. ఏమీ పెరగకపోతే రోజుకు 16, నెలకు 480 రూపాయలు ఒక్క గేదె మీదనే నష్టము. గింజ మంచిది కాక కిలోకు నాలుగు కిలోలే వస్తే మేత ఖర్చు 44 నుండి 55కు పోతుంది. యంత్రము కొంటే దాని తరుగుదల, వడ్డీ, చల్లదనానికి పట్టే కరెంటు ఖర్చు వేరు.

కనుక తీర్పు చెప్పవలసినది యంత్రము కరపత్రము కాదు, సంఘములోని పాల రిజిస్టరు. రెండు వారాలు ఎప్పటి మేతతో, రెండు వారాలు మొలక మేతతో, మళ్ళీ రెండు వారాలు పాత మేతతో నడపండి. మిగిలిన మేత మార్చవద్దు. ఈనిన తొలి రోజులలోని గేదెను, వట్టిపోవడానికి వచ్చిన గేదెను ఈ పరీక్షకు తీసుకొనవద్దు. పూటపూటా లీటర్లు, వెన్న శాతము, ఎస్.ఎన్.ఎఫ్. రిజిస్టరులో ఉండనే ఉంటవి. మూడు విడతల సగటులు పక్కపక్కన వేసి చూడండి.

బూజు – ఇది కుటుంబ విషయము కాదు, సంఘ విషయము

తడి, వేడి, గింజ కలిసిన చోట బూజు పుట్టక మానదు. మనకు ఎండాకాలములో 40 డిగ్రీలు దాటుతుంది, వానాకాలములో గాలి తడిసి ఉంటుంది. రెండు కాలాలూ ఈ మేతకు కష్టకాలాలే. వట్టి షేడ్ నెట్‌తో చేసేవారికి చలికాలము అనుకూలము.

2004లో ఆస్ట్రేలియా పశువైద్య పత్రికలో ఒక సంగతి ప్రచురితమైనది. ఆస్పర్జిల్లస్ క్లావేటస్ అనే బూజు పట్టిన మొలక గింజలు తిన్న పశువులకు వణుకు, నడక తడబాటు వచ్చినవి, కొన్ని చనిపోయినవి. బూజు పట్టిన గింజలలో, చెక్కలలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషము పశువు కడుపులో నుండి పాలలోకి వస్తుంది. పాలు కాచినంత మాత్రాన అది పోదు. కిలో పాలలో 0.5 మైక్రోగ్రామును మించరాదని మన దేశపు నియమము. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. 2019లో ప్రకటించిన ఫలితాలలో 368 నమూనాలు ఆ హద్దు దాటినవి.

ఒక సభ్యుని క్యాను పాలు సంఘము ట్యాంకులో అందరి పాలతో కలుస్తవి. ఒకరు పెట్టిన బూజు మేత అందరి పాల మీదికి వస్తుంది. నల్లని, ఆకుపచ్చని బూజు గాని, పుల్లని ముక్క వాసన గాని ఉన్న ట్రేను మొత్తముగా పారవేయవలెను. పైపైన గిల్లి మిగిలినది పెట్టరాదు. పోయినది ఒక ట్రే గింజలే, నిలిచేది సంఘము పేరు.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

నీటి వసతి ఉన్న అర ఎకరమైనా ఉన్నవారికి ఈ పద్ధతి అవసరము లేదు. కో-4 వంటి హైబ్రిడ్ నేపియర్ నాటుకొంటే మంచి యాజమాన్యములో ఎకరానికి ఏటా నూరు టన్నులకు పైగా పచ్చిమేత వస్తుంది. ఆ గడ్డిలో పొడి పదార్థము నూటికి 20 వంతుల వరకు ఉంటుంది. సూర్యుడు ఉచితముగా చేసిపెట్టే పనికి మక్కలు కొని ఖర్చు పెట్టనక్కరలేదు. గట్ల మీద అవిశ, సుబాబుల్ పెంచుకొన్నా మాంసకృత్తులు అందుతవి.

కూకట్‌పల్లి వంటి చోట నేల లేక, పచ్చిమేత దూరము నుండి కొనితెచ్చుకొనేవారికి, మంచినీరు ఉండి, ఇంటిలో రోజూ శుభ్రముగా చూచుకొనే మనిషి ఉన్నవారికి ఇది తగవచ్చును. కరువు కాలములో దూడలను, చూడి పశువులను నిలుపుకొనుటకు కూడా కొంత పనికివస్తుంది. పశువుకు మొదట రోజుకు కిలోతో మొదలుపెట్టి వారము పది రోజులలో పెంచవలెను.

సంఘము కొనదలచినచో

1964 నాటి చట్టము కింద రిజిస్టరైన సంఘమైనా, 1995 నాటి పరస్పర సహాయ చట్టము కింద ఏర్పడిన సంఘమైనా, ఇటువంటి కొనుగోలుకు మేము చెప్పేది ఒకటే వరుస. ముందు ఇద్దరు ముగ్గురు సభ్యుల ఇండ్లలో చవక స్టాండ్ల మీద ఒక చలికాలము, ఒక ఎండాకాలము నడిపి లెక్కలు వ్రాయండి. ఆ లెక్కలను సర్వసభ్య సమావేశములో చదవండి. లాభము కనిపిస్తే ఉపనియమాలు ఏ నిధిని ఇందుకు అనుమతిస్తవో చూచి, తీర్మానము చేసి, కనీసము మూడు కొటేషన్లు తెప్పించండి. కొటేషనులో తడి మేత కిలోలు కాక, రోజుకు ఎంత పొడి పదార్థము వచ్చునో, ఎన్ని యూనిట్ల కరెంటు పట్టునో వ్రాసి ఇవ్వమనండి. వ్రాసి ఇవ్వనివారి యంత్రము చూడనక్కరలేదు. తయారైన మేత ఎవరికి, ఏ వంతున, ఏ ధరకు ఇచ్చునదీ కొనకముందే తేల్చుకొనవలెను. కొన్న తరువాత తేల్చుకొందామనుకొంటే మేత కంటె తగవు ముందు మొలుస్తుంది.

సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. కిలో మక్కలు అయిదు కిలోల మేత అయినప్పుడు పెరిగినది ఏది, తరిగినది ఏది?

2. మన ఊరి ధరలతో ఎనిమిది కిలోల మేత ఖర్చు ఎంత? నష్టము లేకుండా ఉండుటకు ఎన్ని మిల్లీలీటర్ల పాలు పెరగవలెను?

3. మన సంఘములో నేల లేని సభ్యులు ఎందరు? నీరు, నేల ఉండి కూడా గడ్డి వేయని సభ్యులు ఎందరు?

4. బూజు మేత పెట్టిన సభ్యుని పాల విషయములో సంఘము ఏమి చేయవలెను?

మూడవ ప్రశ్నకు జవాబును పేర్లతో సహా వ్రాసి ఉంచుకొనండి. చాలా సంఘాలలో మొదట చేయవలసిన పని ఆ జాబితాలోనే దొరుకుతుంది.